సంచికకు స్థానబలం: ముద్రిత పత్రిక అంతర్జాలానికి చేరినప్పుడు పరిశోధకుని బాధ్యత

ముద్రిత పత్రిక అంతర్జాలంలో ఇముడుతుందా అన్న ప్రశ్నను సాధారణంగా సాంకేతిక ప్రశ్నగానో, చందాల లెక్కగానో చర్చిస్తుంటారు. తెలుగు పత్రికలే ఆధారంగా పరిశోధన చేసేవారికి ఇది అంతకుముందు నైతిక ప్రశ్న. పత్రికలో మాట్లాడినవారందరికీ మనం న్యాయం చేస్తున్నామా అన్నది ఇందులోని అసలు సంగతి.

మీమాంసకులు ఒక వాక్యానికి వినియోగాన్ని నిర్ణయించడానికి శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య అనే ఆరు ప్రమాణాలను చెప్పారు. వీటిలో స్థానం బలహీన ప్రమాణాలలోనిదే. అయినా దానిని వారు వదిలిపెట్టలేదు. ఒక మాట దేని పక్కన, ఏ వరుసలో ఉన్నదన్నది కూడా అర్థంలో భాగమే. పత్రికకు ఈ స్థానబలాన్ని ఇచ్చేది సంచిక. గ్రంథం ఒకరి మాట. సంచిక పలువురి కూడిక. సంపాదకీయం, ధారావాహిక, ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు ఒకే తేదీ కింద ఇరుగుపొరుగుగా ఉంటాయి. ఈ వారం చేసిన తప్పును వచ్చే వారం అచ్చులోనే ఒప్పుకోవాలి. తప్పూ సవరణా రెండూ మిగులుతాయి.

నా అనుభవం ఒకటి చెప్పవలసి ఉంది. 1950ల నాటి ఒక వారపత్రికలో వీధిభాగవతాలను తీవ్రంగా నిరసించిన వ్యాసం నాకు అంతర్జాలంలో విడి పుటలుగా దొరికింది. ఆ పత్రిక జానపద ప్రదర్శనలకు వ్యతిరేకి అని నా అధ్యాయంలో నిస్సంకోచంగా రాశాను. కొన్ని నెలల తరువాత నెల్లూరు తీరప్రాంతపు పాత గ్రంథాలయంలో అదే పత్రిక బైండు సంపుటం చేతికి వచ్చింది. ఆ వ్యాసం చివర, మరుసటి పుటలో, ప్రతివాదాలను ఆహ్వానిస్తూ సంపాదకుని నాలుగు పంక్తులున్నాయి. రెండు వారాల తరువాతి సంచికలో ఒక పట్టపుపాలెం బడిపంతులు రాసిన ఉత్తరం ఉంది. వేటకు విరామం దొరికిన రోజులలో తమ పాలెం ఆ ఆటలను ఎందుకు ఆడించుకుంటుందో ఆయన ఓపికగా వివరించాడు. అధ్యాయం తిరగరాశాను. అయితే తిరగరాసినంత మాత్రాన తీరని సంగతి ఒకటి మిగిలింది: రచయితల సూచికలో వ్యాసకర్త పేరు ఉంది, పంతులు పేరు లేదు. ఉత్తరాల శీర్షికకు సూచికలలో చోటివ్వడం మన అలవాటు కాదు. పత్రికలో సామాన్యుడికి దొరికిన చోటు ఎక్కువగా అదే. విడి వ్యాసంగా కత్తిరించినప్పుడు మొదట రాలిపోయేదీ అతడే.

దీనికి బలమైన ఆక్షేపణ ఉంది. ఆ సంపుటం పుట తిప్పితే అంచులు పొడిగా రాలుతున్నాయి. యంత్రంతో నలిపిన కలపగుజ్జు కాగితంలో ఆమ్లం ఎలాగూ ఉంటుంది; దానికి సముద్రపు తేమ, చెదలు తోడు. కుట్టిన పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తినేశాయి. చదవలేని మొత్తం కన్నా చదవగలిగిన ముక్క మేలు కాదా? మేలే. 1924 నుంచి 1991 దాకా నడిచిన ‘భారతి’ని ఈనాడు కావలిలోని విద్యార్థీ, అమెరికాలోని పాఠకుడూ ఒకేలా చూడగలగడం చిన్న విషయం కాదు. పైగా అచ్చు కాలంలోనూ సంచిక పవిత్రంగా ఏమీ లేదు. ధారావాహికల పుటలను చించి, వరుసగా కుట్టి, నవలగా బైండు చేయించుకున్న ఇళ్లు మన కోస్తాలో ఎన్నో! కాని చించినవారికి తాము ఏమి వదిలేశామో తెలుసు. వెతుకుడుపెట్టెలో ఒక మాట కొట్టి నేరుగా పుటకు చేరిన నాకు, వదిలేసినది ఉన్నదనే తెలియలేదు. దోషం ఆ తెలియకపోవడంలో ఉంది.

కాబట్టి అంతర్జాలాన్ని నిందించి లాభం లేదు. జమీందారీ రైతుల పక్షాన నెల్లూరు వెంకట్రామానాయుడు నడిపిన ‘జమీన్ రైతు’ పాత సంచికలు ఛాయాప్రతులుగా లభిస్తున్నాయి. ఎస్టేటు వార్త పక్కన ఏ ప్రకటన ఉన్నదో కూడా చూడవచ్చు. 1998లో అంతర్జాలంలోనే పుట్టిన ‘ఈమాట’ కాగితం అక్కరలేకపోయినా సంచికను వదులుకోలేదు. రచనలను నెలా సంవత్సరాల కింద కూర్చి నిలుపుతూ వచ్చింది. సంచికను నిలుపుకోవడమూ వదులుకోవడమూ సంపాదకుల నిర్ణయమే గాని మాధ్యమం విధించిన శాసనం కాదు. ‘చందమామ’ కథను బొమ్మ లేకుండా అక్షరాలుగా మాత్రమే ఎక్కించినవారు చేసినదీ అటువంటి నిర్ణయమే, తెలిసి చేశారో తెలియక చేశారో గాని.

మన వంతు ఇంకా మిగిలి ఉంది. డిజిటల్ ప్రతిని చూసి, అచ్చు సంచికను చూసినట్లు ఉదాహరించడం పరిశోధనలో రివాజుగా మారింది. చూసినది విడి పుటా, పూర్తి సంచికా అన్నది పాదసూచికలో చెప్పడం కనీస నిజాయితీ. వాదగ్రస్తమైన రచనను తీసుకున్నప్పుడు తరువాతి సంచికలు మూడు నాలుగైనా తిరగేయాలి. సూచికలు తయారుచేసే శాఖలు ఉత్తరాలు రాసినవారి పేర్లను, ఊర్లను కూడా చేర్చాలి. శ్రమ పెరుగుతుందన్నది నిజమే. ఆ గ్రంథాలయంలోనే ఉన్న మరికొన్ని సంపుటాల ఉత్తరాల పుటలకు నేను ఇటీవల పట్టిక రాయడం మొదలుపెట్టాను. మొదటి సంపుటంలోనే మూడు పుటలు చెదలు తినేశాయి. ఆ వారాలలో ఎవరు రాశారో ఇక తెలియదు. వాటి స్థానంలో పట్టికలో ఖాళీ గడులు ఉంచాను.