ఉచితం

మా నాన్నగారి హరికథలు 11 టేపుల్లో ఉన్నాయి. 2005, 2006లో విజయనగరం చుట్టుపక్కల ఊళ్ల గుళ్లలో ఆయన చెబుతుంటే మా తమ్ముడు హ్యాండీకామ్‌తో తీసిన మినీ డీవీ టేపులవి. నిరుడు వాటిని హార్డ్‌డిస్కులోకి ఎక్కించాను. గంట కథకి దాదాపు 13 జీబీ పట్టింది. మధ్యలో కరెంటు పోయిన చీకటి, కెమెరాకి అడ్డం తిరిగిన పిల్లలు, మైకు గీపెట్టిన చోట్లు తీసేసి, కథ కథగా నిలబెట్టి మనవలకివ్వాలని నా కోరిక.

నా దగ్గరున్నది 2012లో కొన్న కంప్యూటరు. రెండో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్. వీడియోలు కత్తిరించే సాఫ్ట్‌వేరు కోసం వీధి చివర రిపేరు షాపులో అడిగితే ఆ అబ్బాయి, నా దగ్గర చదువుకున్నవాడే, ఎంతో మర్యాదగా చెప్పాడు. "టీచరుగారూ, పెద్ద సాఫ్ట్‌వేరుకి నెలనెలా కట్టాలండి. మీకెందుకా ఖర్చు? పాత వెర్షను ఒకటుంది, క్రాక్ వేసి ఇచ్చేస్తాను. మీరు చేసేది దేవుడి పని కదండీ. వాళ్లకేం పోతుందండీ?"

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. ముప్ఫై ఏళ్లు తెలుగూ సంస్కృతమూ చెప్పినదాన్ని, నాకు వెంటనే జవాబు దొరకలేదు. నిజమే, వాళ్లకేం పోతుంది? నా చెంబు ఎవరైనా ఎత్తుకుపోతే నాకు చెంబు ఉండదు. సాఫ్ట్‌వేరు నకలు తీస్తే అసలు అక్కడే ఉంటుంది. వైశేషికులు ద్రవ్యాలు తొమ్మిదని లెక్కపెట్టారు. భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం, కాలం, దిక్కు, ఆత్మ, మనస్సు. ఈ వస్తువుని వాటిలో దేని కింద వేయాలో కూడా నాకు తోచలేదు. పోనిదాన్ని దొంగిలించడమంటూ ఉంటుందా?

ఆ రాత్రి యోగసూత్రాల పుస్తకం తీశాను. పతంజలి చెప్పిన ఐదు యమాల్లో సత్యం తర్వాతది అస్తేయం. దాని మీద వ్యాసభాష్యం చాలా పొట్టిది. శాస్త్రం ఒప్పని దారిలో పరుల ద్రవ్యం తీసుకోవడం స్తేయమంటుంది. దాన్ని మానడంతో ఆగదు, ఆ ఆశే లేకపోవడం అస్తేయమంటుంది. ఎన్నోసార్లు చదివిన వాక్యమే. ఈసారి మాత్రం, అందులో పోగొట్టుకున్నవాడి నష్టం ప్రస్తావనే లేదని కనిపించింది. లెక్కంతా తీసుకునేవాడి వైపే ఉంది. షాపు అబ్బాయి ప్రశ్నకి భాష్యకారుడు జవాబు చెప్పలేదు, ప్రశ్ననే నా వైపు తిప్పాడు.

అయినా నా మనసు తేలికగా ఒప్పుకోలేదు. ఏకలవ్యుడు అడ్డొచ్చాడు. ద్రోణుడు కాదన్న విద్యని అతను మట్టిబొమ్మ ముందు నిలబడి నేర్చుకున్నాడు. ద్రోణుడికి పోయిందేమీ లేదు. ఇవ్వనన్నది తీసుకున్నాడు కాబట్టి అతనిది దొంగతనమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, బొటనవేలు అడగడాన్ని ఏ జన్మకీ సమర్థించలేను. క్లాసులో ఆ పాఠం వచ్చిన ప్రతిసారీ నా గొంతు మారేది. మరి క్రాక్ వేయడానికీ దానికీ తేడా ఏమిటి? వారం రోజులు ఆలోచిస్తే ఒక్కటి తోచింది. నీ గురువెవరని అడిగినప్పుడు ఏకలవ్యుడు దాచలేదు. ద్రోణుడి శిష్యుణ్ణని తలెత్తి చెప్పాడు. క్రాక్ చేసే పని దానికి పూర్తిగా ఎదురు. డబ్బు కట్టామని ఆ సాఫ్ట్‌వేరుకి అబద్ధం చెబుతుంది. అస్తేయానికి ముందే సత్యం పోయింది. నాన్నగారి నోట సత్యహరిశ్చంద్రుడి కథని ఆ అబద్ధం మీద కూర్చలేననిపించింది.

ఇక మిగిలింది తగిన పనిముట్టు వెతుక్కోవడం. ముందు మా మేనల్లుడు విండోస్ తీసేశాడు. విండోస్ 11 ఈ యంత్రానికి ఎక్కదు, 10కి 2025 అక్టోబరుతో మామూలు భద్రతా సవరణలు ఆగాయి. లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేశాక కంప్యూటరుకి ఊపిరాడింది. డావిన్సీ రిజాల్వ్ చూశాం. దాని ఉచిత వెర్షను డబ్బు అడగదు కానీ నా దగ్గరున్న దానికి ఎన్నో రెట్లు ర్యామ్ అడుగుతుంది. షాట్‌కట్ బాగానే నడిచింది. చివరికి కేడెన్‌లైవ్ దగ్గర కుదురుకున్నాను. షాట్‌కట్, కేడెన్‌లైవ్ రెండింటికీ లోపలి ఇంజను ఒకటే, ఎమ్మెల్టీ అంటారు. కేడెన్‌లైవ్‌ని 2002లో జేసన్ వుడ్ అనే ఆయన మొదలుపెట్టాడు, ఆ తర్వాత ఎందరో చేతులు వేశారు.

పాత టేపులు పాత కంప్యూటరుకి బరువవుతాయని భయపడ్డాను. జరిగింది వేరు. డీవీలో ప్రతి బొమ్మా దానికదే పూర్తిగా ఉంటుంది. ఇప్పటి ఫోను వీడియోలో చాలా బొమ్మలకి ముందూ వెనకా బొమ్మలతో ఉన్న తేడా మాత్రమే ఉంటుంది, అసలు బొమ్మని కంప్యూటరు ప్రతిసారీ లెక్కకట్టుకోవాలి. అందుకే నాన్నగారి చిడతలు తడబడకుండా మోగాయి. తద్దినం నాడు తమ్ముడు ఫోనులో తీసిన నాలుగు నిమిషాలే యంత్రాన్ని నిలబెట్టేశాయి. వాటికి ప్రాక్సీలు చేసుకున్నాను. అంటే చిన్న సైజు నకళ్ల మీద కత్తిరింపులు చేస్తాం, తుది వీడియో మాత్రం అసలు ఫైళ్ల నుంచే తయారవుతుంది. ఆ తయారీనే రెండరింగ్ అంటారు. రాత్రి పడుకునే ముందు అది పెడితే తెల్లారి కాఫీ వేళకి కథ సిద్ధం.

ఉచితం అనే మాట సంస్కృతంలో డబ్బు సంగతే చెప్పదు. తగినది అని అర్థం. క్షేమేంద్రుడు 11వ శతాబ్దిలో కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం ఇందులోంచే పుట్టింది. తెలుగులో అది ఊరికే వచ్చేదానికి పేరైంది. షాపు అబ్బాయి ఇస్తానన్నదీ ఉచితమే, కేడెన్‌లైవూ ఉచితమే. రెండింటికీ పైసా కట్టక్కర్లేదు. కానీ రెండోదాన్ని రాసినవాళ్లు వాడుకోండి, నలుగురికీ పంచండి, విప్పి చూసి మార్చుకోండి అని లైసెన్సులోనే రాసిచ్చారు. ఇచ్చింది తీసుకోవడంలో తల దించుకునేదేమీ లేదు. బాకీ మాత్రం ఉంటుంది.

ఆ బాకీ ఎలాంటిదో నాకు నాన్నగారే నేర్పారు. హరికథకి టిక్కెట్టు లేదు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. చివర హారతిపళ్లెం తిరుగుతుంది, ఉన్నవాళ్లు వేస్తారు. లేనివాళ్లు కళ్లకద్దుకుని వెళతారు, వాళ్లను ఆయన ఏనాడూ తక్కువగా చూడలేదు. ఆరో టేపులో, 'రుక్మిణీ కల్యాణం' అయ్యాక, ఒక ముసలమ్మ చెంగు ముడి విప్పి ఏదో వేస్తుంది. ఎంతో కనపడదు. అక్కడ కెమెరా ఊగింది, మైకు కూడా గీపెట్టింది, తీసేయాల్సిన ముక్కే. ఉంచేశాను.

నా పింఛనులోంచి, కేడెన్‌లైవ్‌ని చూసుకునే కేడీఈ వాళ్లకి కొంత పంపాను. సరిపోయిందని అనిపించలేదు. ఆ మెనూల్లో నాకు అడుగడుగునా తగిలినవి ఇంగ్లీషు మాటలు. వాటికి తెలుగు రాసి పంపితే తీసుకునే అనువాదకుల బృందాలుంటాయని మేనల్లుడు చెప్పాడు. ఆ రోజు నుంచి కంప్యూటరు పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. కత్తిరింపు, అతుకు, పొర, వేగం. తేలికవి అయిపోయాయి. రెండరింగ్‌కి మొదట 'పాకం' అని రాసి కొట్టేశాను. 'కూర్పు' అని రాశాను, అది ఎడిటింగ్‌కి కావాలి. నిన్న రాత్రి తొమ్మిదో టేపు పెట్టి పడుకుంటే 'ముగింపు' తట్టింది. అదీ కాదు. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.