ముద్దయీ ఎవరు? ముద్దాయి ఎవరు?

మన తాడిమర్రి వైపు ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడుకుంటాం. ఒక మాట మాత్రం ఈ రెంటి మధ్య తిరగబడింది. అరబీలో, ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు. తెలుగులో అదే 'ముద్దాయి' అయి, నేరం మోపబడినవాడికి అంటుకుంది. పేరుతోపాటు భారాన్నీ వాడి నెత్తికే ఎత్తాం!

షరీఅత్ ప్రకారం సాక్ష్యం తేవలసింది ముద్దయీ; కాదనేవాడిపై ఉండేది ప్రమాణమే. శీలవతులపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివారికి 80 కొరడా దెబ్బలు విధించింది నూర్ సూరా 4వ ఆయతు. వారి సాక్ష్యాన్ని ఇక స్వీకరించవద్దంది. నేటి కోర్టుల్లోనూ అభియోగం నమోదైనవాడు నిందితుడే, దోషి కాదు. మన అరుగుల మీదనో, పోలీసు జీపు ఇంటి ముందు ఆగితే చాలు, ఆ ఇంటి ఆడపిల్లకు వచ్చిన సంబంధం వెనక్కి పోతుంది. ఇక మీదట అలాంటి కబురు మోసుకొచ్చినవారిని కూర్చోబెట్టి అడగండి: సాక్షులెవరు?