విన్నదానిని వ్రాయువాడు

వృద్ధుడొకడు మరణించినప్పుడు అతని పొలము కుమారులకు చెందును, అతని ఇల్లు ఇంటివారికి చెందును. అతని జ్ఞాపకము ఎవరికి చెందును? అడిగి వ్రాసికొనినవారు లేనియెడల అది అతనితోకూడ మట్టిలో కలిసిపోవును. పూర్వదినములను గూర్చి తండ్రులను, పెద్దలను అడుగుడని మోషే ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను (ద్వితీ. 32:7). అయితే అడుగుట ఒక కార్యము, విన్నదానిని నమ్మకముగా వ్రాయుట మరియొక కార్యము. ఈ రెండవది ఎంత కష్టమో ఛత్తీస్‌గఢ్ సంఘ చరిత్ర తేటపరచుచున్నది.

1868లో ఆస్కార్ లోర్ అను జర్మను దేశపు మిషనెరీ రాయపూరునకు వచ్చి, ఆ ప్రాంతమున విశ్రాంపూరు అను గ్రామమును స్థాపించెను. ఆయన సేవ ముఖ్యముగా సత్నామీల మధ్య జరిగెను. అంటరానివారని త్రోసివేయబడిన చమారులలో పుట్టిన గురు ఘాసీదాసు, విగ్రహములను విడిచి సత్యనామమును మాత్రమే స్మరింపుడని 19వ శతాబ్దపు ఆరంభ దశాబ్దములలో బోధించెను. గిరోద్‌పురి ఆయన స్వగ్రామము. ఆ పంథముయొక్క తొలి చరిత్ర చాలవరకు పెద్దల నోటనే నిలిచినది. 1998లో సౌరభ్ దుబే, 2008లో చాడ్ బౌమన్ ప్రకటించిన గ్రంథములు మిషను కాగితములతోపాటు ఆ నోటిమాటలను కూడ శ్రద్ధగా పరిశీలించినవి.

ఆ క్రైస్తవులలో ఒక కథ కలదు. తన తరువాత తెల్లని మనుష్యుడొకడు సత్యసందేశముతో వచ్చునని ఘాసీదాసు ముందుగానే చెప్పియుండెనని వారి పెద్దలు చెప్పుకొనిరి. దీనిని వినిన విశ్వాసి హృదయము ఉప్పొంగును. అయితే వ్రాయువాని యెదుట రెండు శోధనలు నిలుచును. మనకు ప్రియమైనది గనుక నిశ్చయముగా జరిగినదని వ్రాయుట మొదటిది. రుజువు లేదు గనుక పనికిరానిదని కొట్టివేయుట రెండవది.

మొదటిది తొమ్మిదవ ఆజ్ఞకు విరోధము. సంఘమునకు మేలు కలిగించు అబద్ధ సాక్ష్యము కూడ అబద్ధ సాక్ష్యమే. ఘాసీదాసును తమ గురువుగా పూజించుచు తమ పంథములోనే నిలిచిన సత్నామీలు ఆయనను వేరువిధముగా జ్ఞాపకము చేసికొందురు. వారి మాటను దాచి మన మాటను మాత్రమే వ్రాయుట పొరుగువానికి అన్యాయము చేయుట కాదా?

రెండవది ప్రేమకు విరోధము. ఘాసీదాసు ఏమి పలికెనో ఆ కథ రుజువు చేయలేకపోవచ్చును. గాని దానిని చెప్పినవారి హృదయములో ఏమి ఉండెనో అది బయలుపరచుచున్నది. బాప్తిస్మము పొందిన దినమున వారు బంధువులను, కుల పంచాయితీని, తమ గురువు పేరును విడిచిరని నిందింపబడిరి. మేము పితరులకు ద్రోహము చేయలేదు, ఆయన చూపిన త్రోవనే నడిచితిమి అని వారు ఆ కథ ద్వారా జవాబు చెప్పుకొనిరి. ఆ వేదన నిజము. దానిని కొట్టివేయువాడు చరిత్రను కాదు, మనుష్యులను కొట్టివేయుచున్నాడు.

కాబట్టి నమ్మకమైన లేఖకుడు చెప్పినవారి మాటను చెప్పినట్టే వ్రాయును. ఎవరు, ఎప్పుడు, ఎవరివలన విని చెప్పిరో తెలుపును. తాను విచారించి కనుగొనినదానిని వేరుగా ఉంచును. వ్రాసినదానిని చెప్పినవారికి చదివి వినిపించి, వారి సమ్మతి లేనిదే ప్రకటింపడు. లూకా కూడ కన్నులార చూచినవారి మాటను స్వీకరించి, తానుగా విచారించి, వరుసగా వ్రాసెను (లూకా 1:1–4). అతనిలో భక్తియు విచారణయు పోరాడలేదు.

తెలుగు సంఘములకు ఇది దూరపు సంగతి కాదు. ఒంగోలు ప్రాంతపు మాదిగ పెద్దలు చెప్పిన కథలను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లోనే గ్రంథముగా ప్రకటించెను. అయినను మన గ్రామములలో మొదట బాప్తిస్మము పొందిన తాత ఏ మాటకు కరిగెనో, ఏ బావిలో నీళ్లు అతనికి నిరాకరింపబడెనో ఇంకను వ్రాయబడని కుటుంబములెన్నో కలవు. మిషను రిజిస్టరులో అతని పేరు, తేదీ మాత్రమే ఉండును. అతని కన్నీరు అవ్వ జ్ఞాపకములో ఉన్నది.

తన జనుల మాటలను చెవియొగ్గి విని, జ్ఞాపకార్థ గ్రంథమందు వ్రాయించు దేవుడు మన దేవుడు (మలాకీ 3:16). ఆయన వినినట్లు వినుట మన వంతు. నేటి సాయంకాలమున ఇంటిలోని పెద్దల యొద్ద కూర్చుండి అడుగువాడు ధన్యుడు. వినినదానికి ఏమియు కలుపక, ఏమియు తీసివేయక వ్రాయువాడు మరి ధన్యుడు.