ఓర్చుకోవాలా? అడగాలా?



కొడుకో కూతురో విదేశంలో లేని వీధి ఇప్పుడు మన విచారణల్లో అరుదు. పురుళ్ళకనీ, మనవలను చూడాలనీ పెద్దవాళ్ళు కూడా విమానాలు ఎక్కుతున్నారు. అమెరికా వెళ్ళి వచ్చేవారిలో చాలామంది గల్ఫ్‌లోనో ఐరోపాలోనో దిగి మరో విమానం ఎక్కాలి. ఆ మజిలీలో చిక్కుకుంటే ఎలా ఉంటుందో అనుభవించినవారికే తెలుసు. పగలో రాత్రో తెలియని దీపాలు, నడుం వాల్చనివ్వని కుర్చీలు, సగమే అర్థమయ్యే ప్రకటనలు!

కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి దగ్గర నుంచి తిరిగి వస్తూ మేమిద్దరం గల్ఫ్‌లోని ఒక విమానాశ్రయంలో అలాగే చిక్కుకున్నాం. హైదరాబాదు విమానం రద్దయింది. సాయంత్రం విమానంలో కొద్ది సీట్లే ఉన్నాయనీ, మిగిలినవారు మర్నాడు వెళ్ళాలనీ చెప్పారు. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు మర్యాద నేర్పిన నేను కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మీద గట్టిగా అరిచాను. అరిచినందుకేనేమో, మాకు సాయంత్రం సీట్లు దొరికాయి. గెలిచానన్న గర్వంతో వచ్చి కూర్చున్నాను.

వరుస చివర ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. చేతిలో చిన్న సంచి తప్ప ఏమీ లేదు. ఏ ఊరని అడిగితే జగిత్యాల దగ్గర పల్లె అన్నాడు. "అమ్మ సచ్చిపోయింది సార్. నేను పోయినంకనే తీస్తమని ఆపిన్రు" అన్నాడు.

"మరి కౌంటర్‌లో చెప్పలేదా?"

"నాకు ఇంగ్లీషు రాదు సార్. అందరూ లైన్ల ఉన్నరు గద. నా వంతు అచ్చినప్పుడు జూద్దం."

నిజం చెబుతున్నాను, నాకు మొదట వచ్చిన ఆలోచన 'పాపం' అని మాత్రమే. మా సీట్లు ఇవ్వాలని తోచలేదు. నా భార్యే అంది: "ఏమండీ, మన పని రేపైనా అవుతుంది. ఆ తల్లిని రేపటిదాకా ఉంచగలరా?"

మళ్ళీ కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ అరవడానికి వచ్చాననుకుని ఆ అమ్మాయి బిగుసుకుపోయింది. ముందు క్షమాపణ చెప్పి, తర్వాత సంగతి చెప్పాను. ఆమె ఎవరికో ఫోన్ చేసి, మా సీట్లలో ఒకటి అతనికి రాసింది. రెండోది ఎవరికి వెళ్ళిందో తెలియదు. మేము ఆ రాత్రి కుర్చీల్లోనే గడిపాం.

ఇది నా గొప్ప చెప్పుకోవడానికి కాదు. ఒక ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. "ఓర్చినమ్మకు తేటనీరు" అంటారు మన పెద్దలు. "అడగనిదే అమ్మైనా పెట్టదు" అని కూడా వాళ్ళే అంటారు. ఈ రెండింటిలో ఏది నిజం? ఆ రోజు ఓర్చుకున్నవాడు వరుస చివర మిగిలాడు. అరిచినవాడికి సీటు దొరికింది. అయితే అరవడమే మంచిదా?

కాదు. నేను అడగడం తప్పు కాదు, అడిగిన తీరు తప్పు. విమానం ఆగిపోవడానికి పొగమంచు కారణం కావచ్చు, యంత్రలోపం కావచ్చు. ఆలస్యం పెరిగితే పైలట్ల పనిగంటల పరిమితి దాటిపోయి విమానం రద్దు కావచ్చు. వీటిలో ఏదీ కౌంటర్‌లోని అమ్మాయి చేసింది కాదు. మన కోపానికి దగ్గరలో దొరికింది గనుక ఆమె శిక్ష అనుభవించింది.

అలాగని నోరు మూసుకోవడం ఓర్పు కాదు. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. ఆలస్యం వల్ల ప్రయాణికుడికి కలిగిన నష్టానికి, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని రుజువు చేస్తే తప్ప, విమాన సంస్థే బాధ్యత వహించాలని అది చెబుతుంది. భోజనం, బస, తర్వాతి విమానం గురించి అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. మెల్లగా, స్పష్టంగా, పదిసార్లయినా అడగండి. అడుగుతూనే కోపాన్ని అణచుకోవడమే అసలైన ఓర్పు.

దానికి మించినది మరొకటి ఉంది. 2001 సెప్టెంబరు 11న అమెరికా గగనతలం మూసివేయడంతో కెనడాలోని గాండర్ అనే చిన్న పట్టణంలో 38 పెద్ద విమానాలు దిగాయి. దాదాపు పదివేల జనాభా ఉన్న ఊరికి ఆరువేలమందికి పైగా అతిథులు! బడులలో, ప్రార్థనాలయాల్లో, ఇళ్ళలో చోటిచ్చి, రోజుల తరబడి అన్నం పెట్టారు. అప్పుడు అక్కడి బడిబస్సు డ్రైవర్లు సమ్మెలో ఉన్నారు. తమ కోరికలను పక్కన పెట్టి బస్సులు నడిపారు. హక్కు ఉన్నవాడే దాన్ని కాసేపు పక్కన పెట్టగలడు. దానికి విలువ కూడా అందుకే.

కనుక మీరు ప్రయాణమయ్యేటప్పుడు మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే పెట్టుకోండి. మొదటి విమానం ఆలస్యమైనా తర్వాతి దానిలో పంపే బాధ్యత సంస్థదే అయ్యేలా, వీలైతే మొత్తం దారికి ఒకే టిక్కెట్టు తీసుకోండి. మజిలీలో చిక్కుకుంటే మీకు కావలసింది అడగండి. అడిగిన తర్వాత ఒక్కసారి వెనక్కి తిరిగి వరుస చివర ఎవరున్నారో చూడండి. భాష రాక, ధైర్యం చాలక నిలబడినవారు అక్కడ ఉంటారు. మీకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు వారికి అరువివ్వండి.

ఆ యువకుడు వెళ్తూ చేతులు జోడించాడు. మాట రాలేదు. అతను వేళకు చేరాడో లేదో మాకు తెలియదు. చేరే ఉంటాడని మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటూ ఉంటాం.