గురువు తప్పు చేస్తే భీష్ముడు ఏం చేశాడు?

వీడియోలో టైం చాలక వదిలేసిన మాట ఇది.

మాది వనపర్తి. ఎనిమిదో తరగతిలో మా లెక్కల సార్ ఒక అబ్బాయిని కర్ర విరిగేదాకా కొట్టాడు. ఇంట్లో చెప్తే "గురువును అనొద్దు బిడ్డా, పాపం తగుల్తది" అన్నది అమ్మమ్మ. నోరు మూసుకున్నాను. ఆ అబ్బాయి మళ్లీ బడికి రాలేదు.

నిజంగా పాపమేనా? ఉద్యోగపర్వంలో అంబ కోసం పరశురాముడు భీష్ముడి మీదికి యుద్ధానికి వస్తాడు. విలువిద్య నేర్పిన గురువు! గర్వంతో మంచిచెడు మరిచిన గురువుకు తలొంచక్కర్లేదన్న పాతమాటను భీష్ముడు ఆయనకే గుర్తుచేస్తాడు. అయినా రథం దిగి, నడిచి వెళ్లి మొక్కి, ఆ తర్వాతే విల్లు పడతాడు. మొక్కకుండా ఉంటే శపించేవాణ్ణి అంటాడు పరశురాముడు!

మనకు విల్లు అక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. మీరితే సర్వీస్ రూల్స్ కింద చర్య. గవర్నమెంట్ టీచరైతే ఛార్జ్ మెమో ఇచ్చి జవాబు అడుగుతారు, పెద్ద శిక్షకైతే ఎంక్వైరీ జరగాలి. ఆయన మాట కూడా వింటారు చూశారా, మొక్కి విల్లు పట్టడమంటే నాకు ఇదే అనిపిస్తుంది. మా బడిరోజులకే ఆ చట్టం ఉంది, మాకెవరికీ తెలీదు. (పిల్లలకు ఆపదైతే 1098కి ఫోన్ చేయండి.)

మొన్న దసరాకు ప్యాలెస్ పాలిటెక్నిక్ దగ్గర సార్ కనిపించాడు. కాళ్లకు దండం పెట్టి, ఆ అబ్బాయి సంగతి అడిగాను.

ఆయనకు గుర్తు లేదు.