నడువలేని పాదములు – శ్రీశఠారి

శ్రీమద్భాగవతము నవమస్కంధమున అంబరీష మహారాజు చరిత్ర కలదు. ఆ రాజర్షి తన యింద్రియములను ఒక్కొక్కదానిని భగవంతునకు ఎట్లు సమర్పించెనో శుకమహర్షి వరుసగా చెప్పినాడు. మనస్సును శ్రీకృష్ణుని పాదారవిందములయందు, వాక్కును ఆయన గుణకీర్తనమునందు, చేతులను ఆలయమును ఊడ్చి శుభ్రపరచుటయందు, చెవులను కథాశ్రవణమునందు నిలిపినాడట. పాదములను శ్రీహరి క్షేత్రములకు నడచుటకును, శిరస్సును నమస్కరించుటకును వినియోగించినాడట. ఇది చదివిన శ్రీవైష్ణవునకు ఆనందము కలుగును. కాని కాళ్ళు మొరాయించిన భక్తునకు మాత్రము ఈ ఘట్టము ములుకువలె గ్రుచ్చుకొనును. ‘నా పాదములు ఇక దేనికి?’ అని అతడు అడిగినచో సమాధానము చెప్పవలసినవారు శాస్త్రమెరిగిన పెద్దలే.

వెన్నెముకకు శస్త్రచికిత్స చేయించుకొన్న పిమ్మట అనేక గృహములలో ఈ ప్రశ్న వినబడుచున్నది. హైదరాబాదు పాతబస్తీలోని ఫలక్‌నుమాను చూడుడు. ఫలక్‌నుమా అనగా ఆకాశమును పోలినదని అర్థము. 1884లో వికారుల్ ఉమ్రా కొండమీద కట్టింప మొదలుపెట్టిన సౌధమునుబట్టి ఆ పేటకు ఆ పేరు వచ్చినది. పేరు ఆకాశమే గాని, దిగువ వీధులలో కాపురమున్నవారికి నిత్యము ఎదురగునవి ఎత్తుపల్లములు, ఇరుకు మెట్లు. అట్టి వీధిలో అరువదియేండ్లు దాటిన ఒక గృహస్థు ఉన్నాడనుకొనుడు. తెల్లవారుజామున స్నానము, పుండ్రధారణ, తిరువారాధనము, శనివారము కేశవగిరి చెన్నకేశవస్వామి దర్శనము – ఇది అతని యేండ్లనాటి దినచర్య. నడుములో ఎముకల మధ్య నరములు నలిగి, ఎమ్మారై తీయించి, శస్త్రచికిత్స జరిగినది. నొప్పి తగ్గినది. కాని ఎడమకాలి పాదము పైకి లేవదు. మడమనుండి వ్రేళ్ళవరకు తిమ్మిరి. వీధిలో నడచుచుండగా చెప్పు జారిపోయినను తెలియదు. నాలుగడుగులు పోయిన తరువాత వెనుకనుండి ఎవరో పిలిచి ‘తాతగారూ, మీ చెప్పు’ అని అందింతురు. పీటమీద కూర్చుండలేడు, కూర్చున్న లేవలేడు. లోకల్ రైలెక్కి వైద్యుని కడకు పోవలెనన్న పెట్టె మెట్టు కొండయై నిలుచును.

ఇంతకన్న బాధించునది మరియొకటి కలదు. శస్త్రచికిత్సకు ముందు అతడు ‘స్వామీ, నా కాళ్ళు నాకిచ్చినచో అలిపిరినుండి నడచి వచ్చెదను’ అని మ్రొక్కుకొన్నాడు. కాళ్ళు సగమే వచ్చినవి. మ్రొక్కు తీరలేదు. చూడవచ్చిన బంధువులలో ఒకరు, ‘ఏ జన్మలో చేసిన పాపమో!’ అని నిట్టూర్చి పోయిరి. ఆ మాట కత్తికన్న లోతుగా దిగినది.

మొదట వైద్యుల మాట వినవలెను. పెద్దవారిలో వెన్నుపాము నడుము మొదటి రెండెముకలవద్దనే ముగిసి, అక్కడినుండి నరముల కుచ్చు గుఱ్ఱపుతోకవలె క్రిందికి దిగును. కాళ్ళ కదలికకును స్పర్శకును ఆ నరములే ఆధారము. శస్త్రచికిత్స నరముమీది ఒత్తిడిని తొలగించును; కాని ఒత్తిడి తొలగుట వేరు, నరము కోలుకొనుట వేరు. కొద్దిగా నలిగిన నరము వారములలో, నెలలలో తేరుకొనవచ్చును. లోపలి తంతువు దెబ్బతిన్నచో అది మరల పెరుగుట రోజునకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. నడుమునుండి పాదమునకు దాదాపు 1 మీటరు దూరము. ఎంత ఓపిక కావలెనో ఈ లెక్కయే చెప్పును. చాలకాలము నలిగియున్న నరము పూర్తిగా రాకపోవుటయు కలదు. ఇందులో శస్త్రవైద్యుని లోపముగాని, రోగి భక్తిలోపముగాని వెదకనక్కరలేదు. శరీరధర్మము అది.

ఇక పాపము మాట. ప్రారబ్ధము దేహమున్నంతవరకు అనుభవింపవలసినదేనని మన ఆచార్యులు చెప్పిరి, నిజమే. కాని ఇతరుని కాలిని చూచి అతని పూర్వజన్మను చదువగల దృష్టి ఏ బంధువునకును లేదు. కర్మసిద్ధాంతము తన్ను తాను దిద్దుకొనుటకు ఇచ్చిన అద్దము. పొరుగువాని మీద విసరుటకు ఇచ్చిన రాయి కాదు. భీష్మపితామహుడు అంపశయ్యపై పడియున్నప్పుడు ధర్మము బోధింపుమని శ్రీకృష్ణుడు అడిగినాడు. శరీరము బాణములచే మండుచున్నది, మాట తడబడుచున్నది, ఎట్లు చెప్పుదునని ఆయన విన్నవించుకొన్నాడు. అప్పుడు స్వామి ఆయనకు నొప్పియు, మంటయు, అలసటయు లేకుండునట్లు వరమిచ్చినాడు. బాణములు మాత్రము తీయలేదు! ఆ శయ్యమీదనుండియే రాజధర్మము, మోక్షధర్మము, చివరకు విష్ణుసహస్రనామము లోకమునకు లభించినవి. నేడు ఇంటింట పారాయణము చేయబడుచున్న ఆ వేయి నామములు లేచి నిలువలేని వృద్ధుని నోటినుండి వచ్చినవని ఎందరు తలచుచున్నారు?

అయినను నడకను గూర్చిన ప్రశ్నకు సూటియైన సమాధానము నమ్మాళ్వారుల చరిత్రమున ఉన్నది. తిరుక్కురుగూరున జన్మించిన ఆ శిశువు ఏడువలేదు, పాలు త్రాగలేదు. తల్లిదండ్రులు ఆదినాథస్వామి ఆలయములోని చింతచెట్టు చెంత విడిచిరి. పదునారేండ్లు ఆ చెట్టు తొఱ్ఱలో కదలక యోగమున నుండిరి. ఎక్కడో ఉత్తరదేశమున యాత్రలో నున్న మధురకవి దక్షిణమున వెలుగును చూచి, దానిని వెంబడించి నడచి వచ్చి శిష్యుడయ్యెను. గురువు కదలలేదు, శిష్యుడు దేశమంతయు నడచెను. ఆళ్వారులు పాడిన నాలుగు ప్రబంధములలో తిరువాయ్‌మొళి ఒక్కటియే 1102 పాశురములు. అందులో ఎన్నో దివ్యదేశముల పెరుమాళ్ళు స్తుతింపబడిరి. చెట్టు విడువనివారు అన్ని క్షేత్రములను ఎట్లు సేవించిరి? సంప్రదాయము చెప్పు మాట ఇది: ఆళ్వారులు క్షేత్రములకు పోలేదు, క్షేత్రములలోని పెరుమాళ్ళే ‘నన్ను పాడుము, నన్ను పాడుము’ అని చింతచెట్టు కడకు వచ్చిరట. తిరుమల శ్రీనివాసుని పాదములయందు ఆళ్వారులు చేసిన శరణాగతి తిరువాయ్‌మొళి ఆరవ శతకమున పదియవ దశకముగా నిలిచినది. అలిపిరి మెట్టు ఒక్కటియు ఎక్కకయే చేసిన శరణాగతి అది!

ఆ మహనీయులకు శఠకోపులని పేరు. ఆలయమున తీర్థము తీసికొన్న పిమ్మట అర్చకస్వామి భక్తుల శిరస్సుపై ఉంచు శఠారి వారి రూపమే. దానిపై భగవంతుని పాదములు ముద్రింపబడియుండును. యాత్రికులు వంగి, శిరస్సుపై ధరించి, కదలిపోవుదురు. ఆ పాదుకలు ఎవరివో తలచువారు తక్కువ. చింతచెట్టు విడిచి నడువనివారు స్వామికి పాదుకలైరి. పాదసేవకు పాదములలో బలము అధికారము కాదనుటకు ఇంతకన్న వేరు ప్రమాణము వలయునా? అంబరీషుని పట్టికలో కూడ మొట్టమొదట చెప్పబడినది మనస్సు. పాదముల వంతు చివరిదశలో వచ్చినది.

అయితే ఆళ్వారులు కదలలేదు గనుక రోగియు మంచము దిగనక్కరలేదని వాదించుట కుతర్కము. వారు కదలకుండుట యోగము. రోగి కదలకుండుట కండరములు క్షీణించుటకు హేతువు. ఫిజియోథెరపీ నేర్పువారు చెప్పిన వ్యాయామమును సంధ్యావందనమువలె వేళ తప్పక చేయవలెను. పాదము వ్రేలాడువారికి ఇచ్చు పట్టీని సిగ్గుపడక ధరింపవలెను. దేహము భగవంతుని సొత్తు, జీవుడు దానికి కాపరి.

నిత్యకర్మల విషయమున శాస్త్రము కఠినమని చాలమంది పొరబడుచున్నారు. గాయము ఆరువరకు నీరు తగులరాదని వైద్యుడు చెప్పినచో, స్మృతులు చెప్పిన ఏడు విధముల స్నానములలో నీటిలో మునుగు వారుణస్నానము ఒక్కటి మాత్రమేనని గుర్తుంచుకొనవలెను. మంత్రస్నానము కలదు, శ్రీమహావిష్ణువును మనస్సున ధ్యానించు మానసస్నానము కలదు. పీటకు బదులు కుర్చీలో కూర్చుండి ఆరాధన చేసినచో దోషము లేదు. సాష్టాంగప్రణామమునకు నడుము వంచుట, మెలిత్రిప్పుట వైద్యుడు అనుమతించువరకు కూడదు. అంజలి చాలును. ఎవడైనను, ఎప్పుడైనను, ఒక్కమారు చేసిన అంజలి సమస్త అశుభమును పోగొట్టునని యామునాచార్యులు స్తోత్రరత్నమున చెప్పగా, ఆ ఒక్క శ్లోకమునకే వేదాంతదేశికులు అంజలివైభవమను గ్రంథము రచించిరి. రెండు చేతులు జోడించుటకు ఇంత వైభవమున్నప్పుడు, నేలపై పడి నమస్కరింపలేకపోతినని కుములుట ఎందులకు?

యాదగిరిగుట్టలో స్వామికి వైద్యనరసింహుడని ప్రఖ్యాతి. దీర్ఘరోగులు 40 దినములు అక్కడ నుండి ప్రదక్షిణములు చేయుట ఆచారముగా నున్నది. విశ్వాసము గొప్పది; కాని స్పర్శలేని పాదముతో చేయు ప్రదక్షిణమున ఒక ప్రమాదము పొంచియున్నది. ఆలయములో చెప్పులుండవు. ఎండకు కాగిన బండ అరికాలిని కాల్చినను తిమ్మిరి పట్టినవానికి తెలియదు. బొబ్బ పుండైన తరువాతనే ఇంటివారు చూతురు. కావున ఎండవేళ ప్రదక్షిణము మానవలెను. రాత్రి పడుకొనుటకు ముందు ఇంటివారు దీపపు వెలుగున రెండు అరికాళ్ళను పరికించి చూడవలెను. నడువలేనివాడు కూర్చున్నచోటనే మనస్సుతో గర్భాలయమును చుట్టిరావచ్చును.

అలిపిరి మ్రొక్కు సంగతి. ఆ దారిలో సుమారు 3550 మెట్లు కలవు. అందులో మోకాళ్ళ పర్వతమను భాగము కలదు. భగవద్రామానుజులు కొండను పాదములతో త్రొక్కుటకు మనసొప్పక మోకాళ్ళతో ఎక్కిరని ప్రసిద్ధి. కొండయే స్వామి స్వరూపమని తలచి ఆళ్వారులు దిగువనుండియే సేవించిరనియు చెప్పుదురు. అట్టి చోట, కాళ్ళు స్వాధీనములో లేనివాడు బస్సులో వచ్చెనని శ్రీనివాసుడు అలుగునా? మెట్లదారి మొదట పాదాలమండపమున మ్రొక్కి, తన అశక్తిని విన్నవించి, వాహనమున కొండ చేరవచ్చును. వృద్ధులకును వికలాంగులకును దేవస్థానమువారు ప్రత్యేక దర్శన సదుపాయము కల్పించియున్నారు. నియమములను ముందుగా విచారించుకొని బయలుదేరుట మేలు.

ఒకరిమీద ఆనుకొని నడుచుట కొందరికి అవమానముగా తోచును. పురుషులకు మరియును. రామానుజులు వార్ధక్యమున కావేరీస్నానమునకు పోవునప్పుడు దాశరథి భుజముపై చేయి వేసి పోయెడివారు. స్నానము చేసి వచ్చునప్పుడు ధనుర్దాసుని భుజమును ఆనుకొని వచ్చెడివారు. దాశరథి వారి మేనల్లుడు, ముదలియాండాన్ అని ప్రసిద్ధుడు. యతిరాజుల త్రిదండమే ఆయన అని పెద్దలు చెప్పుదురు. రామానుజుల సన్నిధిలోని శఠారికి నేటికిని ముదలియాండాన్ అనియే పేరు. ఆనుకొన్నవారు ఆచార్యులు, ఊతమిచ్చినవాడు పాదుక. ఫలక్‌నుమా గృహస్థునకు భుజమిచ్చు భార్యయు, కోడలును, మనుమడును ఏ కైంకర్యము చేయుచున్నారో దీనినిబట్టి తెలిసికొనవచ్చును. వారికిని విశ్రాంతి వలయును. రోగి విసుగును సహించుచున్న ఇల్లాలిని ‘నీవు తిన్నావా?’ అని ఆయన రోజునకొకమారైనను అడుగవలెను.

ఆరోగ్యము కోరుట తక్కువ భక్తి అను ఆక్షేపణ కొందరు చేయుదురు. గురువాయూరున మేల్పత్తూరు నారాయణభట్టతిరి వాతరోగముతో శరీరము బిగిసిపోగా నారాయణీయము రచించి 1586లో ముగించెను. స్వామిని పొగడుచునే, రోగము తీర్పుమని మాటిమాటికి వేడుకొన్నాడు. అది లోపమని ఎవరును అనలేదు. కావున అడుగవలసినది స్వామిని అడుగవచ్చును, చూపవలసినది వైద్యునకు చూపవలెను. ఉన్నట్టుండి మూత్రము నిలిచిపోయినను, అదుపు తప్పినను, తొడలసందున తిమ్మిరి వ్యాపించినను, కాలిబలము మరల తగ్గుచున్నను, పారాయణము సగములోనున్నను గ్రంథము మూసి ఆ క్షణముననే ఆస్పత్రికి పోవలెను. గంటలు గడచినకొలది నరము చేయి దాటును.

శనివారమున చెన్నకేశవస్వామి సన్నిధికి అతనిని చక్రాలకుర్చీలోనో, మనుమని భుజముమీదనో తీసికొనిపోవుదురు. గడప దాటలేనిచో బయటనే కూర్చుండబెట్టుదురు. తీర్థగోష్ఠి ముగియువేళకు అర్చకస్వామి శఠారిని చేతబట్టి మెట్లు దిగి, కుర్చీ కడకు వచ్చి, తానే కొంచెము వంగి, ఆ శిరస్సుపై ఉంచును.