తల్లికి అలసట తగునా?

"తల్లి" అను మాటకు "ఓర్పు" అను అర్థమును మనవారు ఎన్నడో చేర్చివేసిరి. భూదేవివలె సహింపవలెననియు, అలసట ముఖమున కనబడరాదనియు పెద్దలు చెప్పుచుందురు. ఉద్యోగము చేయుచు, బిడ్డలను పెంచుచు, ఏదో ఒక సాయంకాలము విసిగి మాట తూలిన తల్లిని చూచి, "మా అవ్వ తెల్లవారకముందే రబ్బరు కోతకు పోయి ఆరుగురు బిడ్డలను పెంచినది, ఆమె ఎన్నడైన ఇట్లు విసిగెనా?" అని అడుగువారు మనలో పలువురు కలరు. ఈ ప్రశ్న న్యాయమైనదేనా? పాఠక సోదరీసోదరులు ఒకింత నిదానముగా ఆలోచింపవలెనని నా మనవి.

మొదట ఆ అవ్వగారి దినచర్యను చూతము. మన పూర్వులు విశాఖపట్నము, గోదావరి, గంజాం ప్రాంతములనుండి మలయాకు వచ్చిరి. 1910లో ఒప్పంద కూలి పద్ధతి రద్దయిన పిదప కంగాణీల వెంట వచ్చినవారే అధికము. 1938లో భారత ప్రభుత్వము ఆ వలసను నిలిపివేసినది. దిగువ పేరాక్‌లో బాగాన్ దాతుక్, తెలుక్ ఇంతాన్ ప్రాంతముల తోటలలో పెక్కు తెలుగు కుటుంబములు స్థిరపడినవి. రబ్బరు చెట్టు పాలు చల్లని వేళనే బాగుగా కారును. ఎండ ముదిరినకొలది ధార తగ్గును. కావున స్త్రీలు చీకటి ఉండగనే లేచి, వంట ముగించి, నిద్రించుచున్న బిడ్డను చంకన వేసికొని, ఆయమ్మ కాపుండు పిల్లల పాకలో అప్పగించి, హాజరు పిలుచు చోటికి పోవలసియుండెను. చెట్టు ఎవరి కొరకును ఆగదు. పాలు తూచి ఇచ్చి ఇల్లు చేరిన వెనుక కట్టెలు, నీళ్లు, బట్టలు, మరల వంట.

ఆమె విసుగలేదని ఎవరు చెప్పిరి? ఆమె విసుగును వ్రాసిపెట్టినవారు లేరు, అంతియే. అయినను ఒకటి నిజము. లైను ఇండ్లలో గోడకు ఆవల ఒక అత్తయో, ఒక పిన్నియో ఉండెడిది. బిడ్డ ఏడ్చిన ఎవరో ఒకరు ఎత్తుకొనెడివారు. మనము మరచు సహాయము మరియొకటి కలదు: తమ్ముని మోయుటకై బడి మానిన పెద్దకూతురు. అవ్వ ఓర్పు అని మనము కొనియాడుదానిలో కొంత భాగమునకు మూల్యము ఆ బాలిక చదువు. ఆ సహాయము తిరిగి రావలెనని ఎవరును కోరరాదు.

పిమ్మట కాలము మారినది. 1972లో పినాంగులోని బయాన్ లెపాస్ స్వేచ్ఛా వాణిజ్య మండలము ఏర్పడినది మొదలు అచటి కర్మాగారములు వేలకొలది యువతులను షిఫ్టు పనికి తీసికొన్నవి. తోటలు రబ్బరునుండి ఆయిల్ పామునకు, తరువాత పెక్కుచోట్ల ఇండ్ల స్థలములకు మారినవి. లైను చెదరినది. నేటి తల్లి క్లాంగ్‌లోనో, కౌలాలంపూరులోనో ఒక ఫ్లాటులో ఉండును. ప్రక్క తలుపువారి పేరైనను తెలియదు. "బట్టలుతుకు యంత్రము ఉన్నది గదా" యందురు. యంత్రము బట్టలను ఉతుకును. జ్వరముతో నున్న బిడ్డను ఎత్తుకొనదు. ఉద్యోగము ముగించి ఇల్లు చేరిన స్త్రీకి అచట మరియొక పనిదినము ఎదురుచూచుచుండునని అమెరికా దేశపు సమాజశాస్త్రజ్ఞురాలు ఆర్లీ హాక్‌షీల్డ్ 1989లో "రెండవ షిఫ్టు" అను అర్థముగల పేరుతో గ్రంథము ప్రకటించినది. తోటలోని మన అవ్వలకు ఆ సంగతి చెప్పవలసిన పనిలేదు.

మన సమాజము తల్లిపై మోపిన బరువు మరియొకటి కలదు. తోటలలో నడచిన తెలుగు బడులు కాలక్రమమున మూతపడినవి. ఆ బడి చేయవలసిన పనిని ఎవరు చేయవలెను? బిడ్డకు తెలుగు రాకున్న "తల్లి నేర్పలేదు" అందురు. మాతృభాష అన్న పేరు ఉన్నంతమాత్రమున తండ్రి మూగవాడు కావలెనా? ఒక జాతి యావత్తు మోయవలసిన బాధ్యతను, రాత్రి తొమ్మిది గంటలకు గిన్నెలు తోముచున్న ఒక్క మనిషిపై వేయుట అన్యాయమని నేను తలచెదను.

శ్రీమద్భాగవతము దశమ స్కంధములోని యశోదను తలచుకొందము. దాసీలు వేరు పనులలో నుండగా ఆమె స్వయముగా పెరుగు చిలుకుచుండెను. బిడ్డ వచ్చి కవ్వము పట్టుకొనెను. పాలిచ్చుచుండగా పొయ్యిమీది పాలు పొంగినవి. బిడ్డను దించి పరుగిడెను. పొంగిన పాలు ఎవరికొరకు? ఆ బిడ్డకొరకే. కాని బిడ్డకు అది తెలియదు. అలిగి పెరుగుకుండ పగులగొట్టెను. ఆమె కోపించి కర్ర పట్టెను. బిడ్డ బెదరుట చూచి పారవైచెను. రోటికి కట్టబోగా ఎంత త్రాడు తెచ్చినను రెండంగుళములు తక్కువ వచ్చెను. చివరకు ఒడలెల్ల చెమర్చి, కొప్పు వీడి, డస్సిన తల్లిని చూచి, దయతలచి కృష్ణుడు తానై కట్టుబడెను. యశోద విసిగినది, కోపించినది, అలసినది. పురాణము అందులకు ఆమెను తక్కువ చేయలేదు. ఆమె అలసట దాచనూ లేదు. ఆ అలసటను బిడ్డ చూచినప్పుడే ముడి పడినది. దాచిపెట్టిన అలసటను చూడగలవారెవరు?

ఓర్పు వేరు, నోరు మూసికొనుట వేరు. ఓర్పుగల తల్లి "నేడు నాకు చేతకాదు" అని చెప్పగలదు, ఒక పని రేపటికి విడువగలదు. నోరు మూసికొన్న తల్లి ఆ బరువును తనకు తెలియకుండగనే బిడ్డపై విసురును.

చట్టము సైతము ఆలస్యముగానైనను ఈ సంగతి గ్రహించినది. 1955 నాటి ఉద్యోగ చట్టము క్రింద 60 దినములుగా నుండిన ప్రసూతి సెలవు, 2023 జనవరి 1 నుండి 98 దినములైనది. వివాహితుడైన తండ్రికి 7 దినములు ఇచ్చిరి. వారపు పనివేళ 48 గంటలనుండి 45కు తగ్గినది. తండ్రికి ఏడే దినములేల అని అడుగవచ్చును; ఆ ఏడింటిలో ఎన్ని రాత్రులు బిడ్డను ఎత్తుకొంటివని తండ్రినీ అడుగవచ్చును.

ఇక మన సభల మాట. ఉగాదినాడు వేదికపై మాతృమూర్తిని గూర్చి గంభీరోపన్యాసము సాగుచుండగా, తల్లులు వెనుక వంటశాలలో పులిహోర కలుపుచుందురు. ఉపన్యాసము వారి చెవిని పడదు. రాబోవు ఉగాదికి ఉపన్యాసకులతోసహా పురుషులు గరిటె పట్టి, స్త్రీలను ముందు వరుసలో కూర్చుండబెట్టినచో బాగుండును. పులిహోరలో ఉప్పు కొంచెము ఎక్కువైనను ఎవరును ఏమియు అనుకొనరు.